మగ్గాలు ఆగని అమావాస్య

మా వీధిలో జీపు చప్పుడు వినబడితే మగ్గాలన్నీ ఒక్క క్షణం ఆగుతాయి. ఎవరింటికో అని అందరూ చెవులు అటు పెడతారు. జీపు దాటిపోయాక పోగు మోసే నాడెలు మళ్ళీ కదులుతాయి. ధర్మవరానికి కాపురం వచ్చినప్పటి నుంచి చూస్తున్న సంగతే ఇది. కానీ తొంభైల చివర ఒక ఏడాది, జీపు దాటిపోయిన తర్వాత కూడా నా గుండె కుదుటపడేది కాదు. ఆ జీపు మా గదిని చూడటానికి రావాలి. వస్తే ఏమంటారో అని భయం. రాకపోతే ఏం రాసేస్తారో అని ఇంకో భయం.

గది అంటే మా సొంతం కాదు. వీధి చివర మున్సిపాలిటీ వాళ్ళ నీళ్ళ ట్యాంకు ఉంది. దాని కింద, మోటారు వేసే మనిషి కూర్చోవడానికి ఒక గది కట్టారు. మోటారును వేరే చోటికి మార్చాక అందులో మేకలు పడుకునేవి. పొదుపు సంఘాలు వీధివీధినా పుడుతున్న రోజులవి. మా సంఘం ఆడవాళ్ళమంతా కలిసి వెళ్ళి మున్సిపల్ ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఆ గది అడిగాం. చదువు మానేసిన ఆడపిల్లలకు కుట్టుపని నేర్పిస్తాం, చదువుకోవడానికి పుస్తకాలు పెడతాం అని చెప్పాం. బాగా తిప్పించుకుని చివరికి ఇచ్చారు. మేకల వాసన పోయేదాకా కడిగి సున్నం మేమే కొట్టుకున్నాం. యువతకు ఇచ్చే పథకంలో మూడు కుట్టుమిషన్లు, ఒక ఇనుప బీరువా, క్యారమ్ బోర్డు వచ్చాయి. నేర్పించే మనిషికి నెలనెలా కొంత ఇస్తామన్నారు.

ఆ నేర్పించే మనిషి నా మనవరాలు.

హిందూపురంలో ఉన్న నా కూతురి బిడ్డ అది. అక్కడ అల్లుడు పనిచేసే మిల్లు మూతపడింది. పిల్ల ఇంటరు అయిపోయి, కుట్టుపని పరీక్ష కూడా పాసై ఇంట్లో ఉంది. దాన్ని బట్టల ఫ్యాక్టరీ బండి ఎక్కిద్దామని అల్లుడు అనుకున్నాడు. తెల్లవారకముందే వచ్చి ఎక్కించుకుపోయే బండి. చీకటి పడ్డాక దింపుతుంది. రోజంతా ఒకటే పని, కాలరు కుట్టే పిల్ల కాలరే కుట్టాలి, గుండీ కుట్టే పిల్ల గుండీయే కుట్టాలి. నేను బస్సెక్కి హిందూపురం వెళ్ళి పిల్లను నాతో పంపమని అడిగాను.

"పని ఉన్నన్నాళ్ళు ఉండనీ అత్తా," అన్నాడు అల్లుడు. "పని పోయిందంటే మాత్రం పంపించేయాల. ఊరికే కూచోబెడితే మాకు జరగదు."

"పోదులే," అన్నాను.

అనడమైతే అన్నాను. తిరుగు బస్సులో పిల్ల కిటికీ పక్కన నిద్రపోతుంటే, నేను మాత్రం పెనుకొండ దాటేదాకా ఆ ఒక్క మాటనే నమిలాను. మున్సిపాలిటీ ఇచ్చిన గది, మున్సిపాలిటీ ఇచ్చిన పని. ఇచ్చిన చెయ్యి ఎప్పుడైనా తీసుకోవచ్చు. అది నా చేతిలో లేదు.

హిందూపురంలో నోరు తెరవని పిల్ల మా గదిలోకి వచ్చాక మారిపోయింది. "అడుగు ఆనించి తొక్కు. బట్టను లాగద్దు, అదే పోతుంది" అని అది అరిస్తే మా ఇంటిదాకా వినబడేది. నా ఈడు వాళ్ళకు కూడా సంతకం దిద్దించేది. నేను రెండో తరగతి మధ్యలో పలక పక్కన పెట్టినదాన్ని. నాకు మాత్రం దాని ముందు కూర్చుని దిద్దడానికి సిగ్గేసేది. మిషను నూనె సీసా బీరువాలో పెట్టి, తాళంచెవి నా కొంగుకు కట్టుకునేదాన్ని. కత్తిరించడం పాత పేపరు మీద, కుట్టడం పాత లంగాల మీద అని నేనే నియమం పెట్టాను.

"అవ్వా, ఒక చుక్క నూనె పొయ్యి అవ్వా. బిగుసుకుపోయుండాది," అని వచ్చేవారు పిల్లలు.

"మొన్ననే కదమ్మే పోసింది? మిషను ఏమన్నా తాగుతాందా?"

ఇంత జాగ్రత్తగా నడుపుతున్నాం కదా, ఎవరు వచ్చినా ఏమంటారు అనుకున్నాను. ఒకరోజు పొద్దున పదకొండు గంటలకు చెప్పకుండా జీపు వచ్చింది. పథకం పనులు చూసే పై ఆఫీసు మేడం దిగింది. నేను పరిగెత్తేసరికి ఆమె గది తలుపు దగ్గర నిలబడి ఉంది. లోపల నా మనవరాలు, ఇద్దరు పిల్లలు.

"కాగితంలో చాలామంది ఉన్నారే. ఏరీ?" అంది మేడం.

"మగ్గాల మీద ఉండారు మేడం," అంది మనవరాలు. "మాపటేళ అందరూ వస్తారు."

"సాయంత్రం ఆఫీసు మూసేశాక వచ్చి చూడమంటావా నన్ను?"

కోపంగా అనలేదు. చాలా ఊళ్ళు తిరిగి అలసిపోయిన మొహం. అందుకే నాకు ఎక్కువ భయమేసింది. అరిచే మనిషినైతే అరిచి గెలవచ్చు. "ఇంకోసారి వస్తాను," అంది. "అప్పుడు గది నిండా పిల్లలు కనబడాలి. లేకపోతే ఈ గది అడుగుతున్నవాళ్ళు వేరే ఉన్నారు." అని జీపెక్కి వెళ్ళిపోయింది.

ఆ వేరేవాళ్ళు ఎవరో నాకు తెలుసు. పక్క వార్డు కుర్రవాళ్ళ సంఘం. వాళ్ళకు బరువులు ఎత్తే జిమ్ము పెట్టాలని ఉంది. కౌన్సిలరు కూడా వాళ్ళ వైపే. వాళ్ళలో ఒకడు అప్పుడే నన్ను వీధిలో ఆపి నవ్వుతూ అడిగాడు. "అవ్వా, ఆ మిషన్లు యాడన్నా ఇంట్లో పెట్టుకోండి. గది మాకియ్యండి. కండలు పెంచి ఊరికి పేరు తెస్తాం."

"కండలు పెంచాలంటే మా మగ్గం గుంటలోకి దిగప్పా," అన్నాను. "ఊరికే పెరుగుతాయి."

అలా అని వచ్చానే గానీ, ఇంటికి పోకుండా నేరుగా గదికి వెళ్ళి తాళం లాగి చూసుకున్నాను.

మా పిల్లలు పగలు ఎందుకు రారో ఆ మేడంకు ఎలా చెప్పాలి? పెద్ద అంచు పట్టుచీర ఒక్క మనిషి నేయలేడు. నేసేవాడి పక్కన ఇంకొకరు కూర్చుని, ఒక వైపు అంచు నాడెను విసరాలి. అతను చీర నాడె వేస్తే, పక్క మనిషి అంచు నాడె వేయాలి. ఇద్దరి చేతులు ఒకే మనిషి చేతుల్లా కదలాలి. మా వీధిలో ఆ పక్క మనిషి ఎవరంటే, చదువు మానేసిన ఆడపిల్లే. నా ఇంట్లోనే నా కొడుకు పక్కన వాడి కూతురు కూర్చునేది. పిల్ల లేచిందంటే మగ్గం ఆగినట్టే. మగ్గం ఆగితే ఆ రోజు ఇంట్లో అందరూ ఆగినట్టే.

మగ్గాలన్నీ ఆగే రోజు నెలకు ఒకటే. అమావాస్య. ఆ రోజు మాకు సెలవు. ఆదివారం ఏమిటో మా మగ్గాలకు తెలియదు. పడుకుని ఇదే తలుచుకుంటూ ఉంటే నాకు తోచింది. ఆమెను అమావాస్య రోజు రమ్మంటే పోదా?

ఆ మేడంకు పెనుకొండలో మీటింగు ఉందని మున్సిపల్ ఆఫీసు ప్యూను చెప్పాడు. పెనుకొండ నా పుట్టిల్లు. మనవరాలు పిల్లలకు నేర్పాలి కాబట్టి ఒక్కదాన్నే బస్సెక్కాను. మూటలో రాగిముద్ద, ఊరిమిండి పచ్చడి పెట్టుకున్నాను. అన్న ఇల్లు బస్టాండుకు దగ్గరే, అయినా వెళ్ళలేదు. వెళితే కూర్చోబెడతారు, మాటల్లో పొద్దు పోతుంది, మేడం వెళ్ళిపోతుంది. ఆఫీసు బయట గోడ నీడలో కూర్చున్నాను. ఎదురుగా కోట కొండ. చిన్నప్పుడు ఆ కొండ మీద కట్టెలు ఏరేటప్పుడు కూడా అంత భయం లేదు. మీటింగు అయ్యి అందరూ బయటికి వస్తుంటే, ఆమె చెప్పులు చూసి గుర్తుపట్టి ఎదురుగా నిలబడ్డాను.

"మేడం, ధర్మవరం ట్యాంకు గది మాది. మీరు అమావాస్య పొద్దు రండి. ఆ పొద్దు మగ్గాలు ఆపుతాం. పిల్లలంతా ఉంటారు."

ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "అమావాస్య రోజు రమ్మని పిలిచింది ఇన్నేళ్ళలో నువ్వొక్కదానివే అమ్మా. అందరూ ఆ రోజు తప్ప ఎప్పుడైనా రమ్మంటారు."

"మంచి పనికైతే వద్దంటారు మేడం. ఇది తనిఖీ కదా."

ఆమె గట్టిగా నవ్వింది. పక్కనున్న గుమాస్తా కూడా నవ్వాడు. ఆమె సంచిలోంచి డైరీ తీసి, పేజీలు తిప్పి, ఏదో రాసుకుంది. "సరే. వచ్చే అమావాస్యకు వస్తాను" అంది. రాసుకున్నాక ఇంకేం అడగాలి? దండం పెట్టి బస్టాండుకు వచ్చి, అప్పుడు ముద్ద తిన్నాను.

ఆ అమావాస్య కోసం నేను ఎదురుచూసినట్టు పెళ్ళికూతురు కూడా ముహూర్తానికి ఎదురుచూడదు. పొద్దున్నే పిల్లలంతా తలంటుకుని ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చారు. మనవరాలు ముగ్గురిని మిషన్ల మీద, మిగతావాళ్ళను నేల మీద గుండ్రంగా కూర్చోబెట్టింది. నేను అడగకుండానే మూడు మిషన్లకూ నూనె పోశాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పాల వ్యాను వచ్చింది. అందరూ లేచి నిలబడ్డారు. వ్యాను వెళ్ళింది. అందరూ కూర్చున్నారు. కిరసనాయిలు బండి వచ్చింది. ఆటో వచ్చింది. మధ్యాహ్నం దాటింది. పిల్లలకు ఆకలేసినా ఇంటికి పంపలేదు, ఆ కాసేపట్లోనే వస్తే? ఒక్కో చప్పుడుకూ గడపదాకా వెళ్ళి రావడంతో మనవరాలి మొహం పాలిపోయింది. "రారేమో అవ్వా," అంది. "నోరు మూసుకుని కుట్టించు," అన్నాను. పొద్దు గూకింది. దీపాలు పెట్టే వేళకు పిల్లలు ఒక్కరొక్కరే జారుకున్నారు.

మున్సిపల్ ఆఫీసు ప్యూను దగ్గర కనుక్కుని రమ్మని కొడుకును పంపాను. వాడు తిరిగి వచ్చి గడప దగ్గర చెప్పులు వదులుతూనే అన్నాడు. "వాళ్ళకు అమావాస్య రేపంట అమ్మా. రేపు పొద్దున వస్తాంది మేడం."

నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆ నెల అమావాస్య ఒక మధ్యాహ్నం మొదలై మరుసటి మధ్యాహ్నానికి పోయేది. అలాంటప్పుడు మా వీధిలో, రాత్రికి అమావాస్య ఎప్పుడు ఉంటుందో ఆ రోజునే మగ్గం ఆపుతారు. పెద్దలు పెట్టిన పద్ధతి, ఎవరూ క్యాలెండరు చూడరు. డైరీలో మాత్రం, తెల్లవారేటప్పటికి అమావాస్య ఎప్పుడు ఉంటుందో ఆ రోజు అచ్చేశారు.

"నువ్వు తేదీ అడగలేదా?" అన్నాడు కొడుకు.

"అమావాస్యకి తేదీ ఏమిరా? అమావాస్యే తేదీ."

వాడు తల పట్టుకున్నాడు. మనవరాలు మాత్రం మూలకు వెళ్ళి, హిందూపురం నుంచి తెచ్చుకున్న రేకు పెట్టె మీద కూర్చుంది. ఆ పెట్టె మీద కూర్చోవడం నాకు నచ్చలేదు.

రెండో రోజు మగ్గాలు ఆపమని వీధిలో అడిగే మొహం నాకు లేదు. పెళ్ళిళ్ళ కాలం, పట్టు ఇచ్చి నేయించే షావుకారు చీరల కోసం మనిషి మీద మనిషిని పంపుతున్నాడు. అయినా కొంగు దోపుకుని బయలుదేరాను. మొదట పక్కింటి ముసలామె దగ్గరికి వెళ్ళాను. ఆమెకూ నాకూ కాపురానికి వచ్చినప్పటి నుంచి మాటకు మాట.

"రేపు పొద్దున మీ పిల్లను పంపు వదినా. కాసేపే."

"పంపుతాలే," అంది ఆమె. "నా కొడుకు పక్కన ఎవురు కూచుంటారు? నువ్వొచ్చి కూచుంటావా?"

ఎత్తిపొడుపుగా అన్న ఆ మాట నాకు దారి చూపింది. "నా కొడుకు పక్కన నేను కూచుంటా. నీ కొడుకు పక్కన నువ్వు కూచో," అన్నాను.

"నాకు కండ్లు ఆనవే!"

"పక్కింట్లో ఏం కూర వండినారో ఈడినుంచే కనబడుతుంది, అంచు నాడె కనబడదా?"

"నడుమో?"

"నడుము నొచ్చితే నేనొచ్చి పిసుకుతా. ముందు కూచో."

అలా ఇల్లిల్లూ తిరిగాను. ఎవరింట్లో పిల్ల మగ్గం మీద ఉందో, ఆ ఇంటి అవ్వ దగ్గరికే వెళ్ళాను. కొందరు తిట్టారు. ఒకామె నా మొహం మీదే తలుపేసి, నేను వీధి దాటకముందే మళ్ళీ తీసి "సరే పో" అంది. మేమంతా ఒకప్పుడు పెళ్ళై వచ్చిన కొత్తలో మొగుళ్ళ పక్కన కూర్చుని అంచు వేసినవాళ్ళమే. చేతులకు తెలుసు. కానీ చేతులు మరిచిపోయి ఉంటే? ఆ రాత్రి దుప్పటి కింద నా వేళ్ళు వాటంతటవే కదులుతూనే ఉన్నాయి.

తెల్లవారి కొడుకు మగ్గం గుంటలోకి దిగాడు. నేను పక్కన కూర్చున్నాను.

"అంచు తప్పిందంటే చీర పోతాది అమ్మా."

"మీ నాయన పక్కన కూచుని నేసినదాన్నిరా నేను."

"అది ఎప్పుడు?"

"నువ్వు పుట్టకముందు."

"అదే చెప్తాండా నేను," అన్నాడు వాడు.

మొదట తడబడ్డాను. కొంచెం సేపటికి చేయి దారిలో పడింది. ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. అప్పుడు వినబడింది జీపు.

వీధి అంతా మగ్గాలు ఆగాయి. మాదీ ఆగింది. ఇక ఎవరూ లేచి చూడటానికి లేదు. అన్ని ఇళ్ళలో ముసలివాళ్ళు, కూర్చున్న చోటి నుంచి లేవాలంటే ఒకరు చెయ్యి పట్టాలి. నేను కూర్చున్న చోటుకు వాకిట్లోంచి వీధి ముక్క ఒకటే కనిపిస్తుంది. ఆ ముక్కలో జీపు చక్రం ఒక్కసారి కనబడి ట్యాంకు వైపు పోయింది. కొడుకు మళ్ళీ నాడె వేశాడు. నేనూ వేశాను.

గదిలో ఏం జరుగుతోందో తెలియదు. ఆమె ఏమడిగిందో, మనవరాలు ఏం చెప్పిందో. పిల్లలు భయపడి కుట్టు వంకర తిప్పారేమో. ఎవరి అవ్వ అయినా సగంలో లేచి, పిల్లను వెనక్కి పిలిచిందేమో. అన్నిటికన్నా ఎక్కువ, నిన్న పోశాం కదా అని ఆ పొద్దు మిషన్లకు నూనె పోయలేదు. అదే నా గుండెల్లో ముల్లులా గుచ్చింది. ఆమె చూస్తుండగా మిషను బిగుసుకుంటే? ఒక్క చుక్క దగ్గర పిసినారితనం చేసి పిల్లను ఫ్యాక్టరీ బండి ఎక్కిస్తానా?

"అమ్మా, నాడె!"

వేయలేదు. కొడుకు చెయ్యి ముందుకు పోయింది, నాది ఆగిపోయింది. అంచులో పోగు తప్పింది. వాడు వంగి చూసి నాలుక కొరుక్కున్నాడు. పోగులు విప్పి మళ్ళీ నేసినా అక్కడ మచ్చ ఉండిపోతుంది.

వాడు ఏదో అనబోయేంతలో వాకిట్లో వెలుతురు తగ్గింది. గడపలో మేడం నిలబడి ఉంది. ఆమె వెనక మనవరాలు. దాని మొహం చూశాను గానీ దాంట్లో నాకేమీ దొరకలేదు.

"పిలిచిన మనిషి కనబడలేదే అని వచ్చాను," అంది మేడం. లోపలికి చూసింది. "మగ్గాలు నడుస్తున్నాయేం? అమావాస్య అన్నావు కదమ్మా."

"మా అమావాస్య నిన్న అయిపోయింది మేడం. మీది ఈ పొద్దు."

ఆమె వెనక్కి తిరిగి ఎదురింటి వాకిట్లోకి చూసింది, దాని పక్క వాకిట్లోకి చూసింది. ప్రతి ఇంట్లోనూ నేసే మనిషి పక్కన ఒక తెల్లజుట్టు తల. పక్కింటి నుంచి ముసలామె గొంతు వినబడింది. "పోయిందా ఆ జీపు? నా నడుము పోయింది ఈడ!"

మేడం నవ్వలేదు. "మరి ఈ పని రోజూ చేయలేరా మీరు?" అంది.

నేను చేతిలోని నాడె వంక, తప్పిన అంచు వంక చూశాను.

"రోజంతా కాదు. మధ్యాహ్నం రెండు గంటలు. ఆ రెండు గంటలూ పిల్లలు గదిలో ఉండాలి. అలా అయితే ఈ ఏడాదికి గది మీదే అని రాస్తాను. కానీ నేను ఎప్పుడైనా వస్తాను, చెప్పకుండా. అమావాస్యకు కాదు."

జీపు వెళ్ళిపోయింది. మనవరాలు వచ్చి నా పక్కన కూలబడింది. "మిషను బిగుసుకుంది అవ్వా, మధ్యది. తొక్కలేక నేను చెమటలు కక్కినా. ఆమె చూడలేదులే." నేను నూనె సీసా ఉన్న బీరువా తాళంచెవిని కొంగు ముడి విప్పి దాని చేతిలో పెట్టాను.

మరునాటి నుంచి మధ్యాహ్నం కాగానే మా వీధి అవ్వలంతా గొణుక్కుంటూ మగ్గాలెక్కేవాళ్ళు. పక్కింటామె నన్ను తిట్టని రోజు లేదు. "నీ మనవరాలి పనికి నా నడుము జీతమా?" అనేది. తిడుతూనే కూర్చునేది, ఎందుకంటే జీపు ఎప్పుడైనా రావచ్చు. నా కొడుకు కూతురు ఆ రెండు గంటల్లోనే చదివి, తప్పిన పదో తరగతి మళ్ళీ రాసింది. అంచు తప్పిన చీరను షావుకారు తీసుకోలేదు. మా ఇంట్లోనే ఉంది, మడత మార్చి కట్టుకుంటే మచ్చ కనబడదు.

కొన్నాళ్ళకు నేను మున్సిపల్ ఆఫీసుకు ఏదో పని మీద వెళితే, ప్యూను మాటల మధ్యలో చెప్పాడు. ఆ మేడం ఎప్పుడో బదిలీ అయి పోయిందట. ఆ స్థానంలో ఇంకా ఎవరూ రాలేదట. వస్తే ఎలాంటివారు వస్తారో, గది ఉంచుతారో తీసేస్తారో అతనికీ తెలియదు.

ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పలేదు. మనవరాలికి కూడా. చెబితే మరునాడే అవ్వలు మగ్గాలు దిగుతారు, పిల్లలను మళ్ళీ ఎక్కిస్తారు, గది ఖాళీ అవుతుంది. ఖాళీ గదిని మున్సిపాలిటీ ఎవరికైనా ఇస్తుంది. అల్లుడు పెట్టె సర్దమంటాడు.

అందుకే ఆ తర్వాత కూడా వీధిలో ఏ బండి చప్పుడు వినబడినా, మగ్గం మీద నుంచి అందరికంటే ముందు నేనే గట్టిగా అరిచేదాన్ని. "జీపు మాదిరి ఉండాది, పిల్లలు గదిలో ఉండారా చూడండమ్మే!" అని. అందరూ గదివైపు చూసేవాళ్ళు. నేను మాత్రం వాకిట్లోని ఆ వీధి ముక్కను చూసేదాన్ని. ఒకవేళ ఈసారి నిజంగానే వచ్చిందేమోనని.